ఒకటి వేసే వేషాలు

గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం సీసా మీద అంటించిన చీటీలో మూడు అంకెలు ఉంటాయి. ఆమ్లం 98 శాతం, బరువు లెక్కన. సాంద్రత మిల్లీలీటరుకి 1.84 గ్రాములు. అణుభారం 98.08. ల్యాబ్‌లో నిలబడ్డ ఇంటర్ మొదటి సంవత్సరం అమ్మాయికి కావలసింది ఈ మూడూ కాదు, చీటీ మీద లేని నాలుగోది. మొలారిటీ. అంటే లీటరు ద్రావణంలో ఎన్ని మోల్‌ల ఆమ్లం ఉందన్నది. ఆమె కాసేపు చీటీ వంక, కాసేపు నా వంక చూసి అడిగింది.

"సార్, 98తో గుణించాలా, భాగించాలా?"

"ఏ 98తో అమ్మా?" అన్నాను.

ఆమె మళ్ళీ చీటీ చూసింది. రెండు 98లు ఉన్నాయి. ఒకటి శాతం, ఒకటి అణుభారం. రెండింటికీ అంకె ఒకటే, ఊరు వేరు.

గుణించాలా భాగించాలా అన్నంత ఎక్కువగా నా సర్వీసులో నేను విన్న ప్రశ్న ఇంకోటి లేదు. మొదట్లో విసుక్కునేవాణ్ణి. గుణించు అని చెప్పేస్తే ఆ పూటకి గడిచిపోతుంది, మర్నాడు ఇంకో లెక్క దగ్గర అదే ప్రశ్న పుడుతుంది. అసలు ఆ ప్రశ్నే పుట్టనివ్వని పనిముట్టు ఒకటి పాఠ్యపుస్తకం మొదటి పాఠంలోనే ఉందని, దాన్ని నేను ఏళ్ళ తరబడి రెండు నిమిషాల్లో దాటేస్తున్నానని ఆలస్యంగా గ్రహించాను. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి రసాయనశాస్త్రంలో దాన్ని ఫ్యాక్టర్ లేబుల్ పద్ధతి, యూనిట్ ఫ్యాక్టర్ పద్ధతి అన్నారు. పైన పెట్టిన పెద్ద పేరు డైమెన్షనల్ ఎనాలిసిస్, మన తెలుగులో మితి విశ్లేషణ. ఉదాహరణలు చిన్నవి. మూడంగుళాల లోహపు ముక్క ఎన్ని సెంటీమీటర్లు, రెండు లీటర్ల పాలు ఎన్ని ఘనపు మీటర్లు, రెండు రోజులకు ఎన్ని సెకన్లు. అంతే, పుస్తకం రసాయన సంయోగ నియమాల్లోకి వెళ్ళిపోతుంది. చాలా క్లాసుల్లో ఆ పేజీ "మీరే చదువుకోండి" జాబితాలో పడిపోతుంది. ఆ పాఠం మొత్తంలో నిలబడి చూడదగ్గ చేతిపని మాత్రం ఆ పేజీలోనే ఉంది.

అందులో ఉన్న కిటుకు ఇంతే. ఒక అంగుళం అంటే 2.54 సెంటీమీటర్లు. ఈ రెండింటినీ ఒకదాని నెత్తిన ఒకటి పెట్టి భిన్నం చేయండి. లవంలో ఎంత పొడవుందో హారంలోనూ అంతే పొడవుంది. కాబట్టి భిన్నం విలువ ఒకటి. తలకిందులు చేసినా ఒకటే. ఒకటితో ఎన్నిసార్లు గుణించినా వస్తువు వస్తువులాగే ఉంటుంది. 3 అంగుళాలను ఈ ఒకటితో గుణిస్తే 7.62 సెంటీమీటర్లు వస్తుంది. ముక్క పెరగలేదు, తరగలేదు, పిలుపు మారింది. పగటివేషగాడు ఉదయం శివుడై, మధ్యాహ్నం కోమటై, సాయంత్రం ఫకీరై ఊరంతా తిరుగుతాడు. పట్టపగలే తిరుగుతాడు, ఎవరో అందరికీ తెలుసు. ఈ భిన్నం కూడా అంతే, వేషం వేసుకున్న ఒకటి. రసాయనశాస్త్రంలో దానికి ఉన్నన్ని వేషాలు ఇంకెక్కడా ఉండవేమో.

అంకెలను కొట్టేయడం సరే, "అంగుళం" అన్న మాటను కొట్టేయడానికి మనకేం హక్కుంది? క్లాసులో ఈ సందేహం అడిగిన పిల్లలు నాకు ఇద్దరు ముగ్గురే తగిలారు. వాళ్ళ మీద ఇప్పటికీ గౌరవమే. జవాబు మాక్స్‌వెల్ దగ్గర ఉంది. విద్యుత్తు, అయస్కాంతత్వాల మీద 1873లో తెచ్చిన తన పెద్ద గ్రంథాన్ని ఆయన సరిగ్గా ఈ సంగతితోనే మొదలుపెట్టాడు. ఏ రాశి అయినా ఒక అంకె, ఒక ప్రమాణం, ఈ రెండూ గుణించుకుంటే వచ్చేది. 3 సెం.మీ. అని పక్కపక్కన రాస్తున్నప్పుడు మధ్యలో కనిపించని గుణకారం గుర్తు ఒకటి ఉందన్నమాట. గుణకారం ఉన్నచోట కొట్టివేత ఉంటుంది. బీజగణితంలో ఎక్స్‌ని ఎక్స్‌తో కొట్టినట్టే అంగుళాన్ని అంగుళంతో కొడతాం.

మన త్రైరాశికం ఇదే పనిని ఇంకో గదిలో కూర్చుని చేసింది. మహావీరాచార్యుడి గణితసారసంగ్రహంలో దానికొక ప్రకరణమే ఉంది. ఆ గ్రంథాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లనను మన తొలి గణిత గ్రంథకర్తగా చెప్పుకుంటాం. 5 కిలోల బియ్యం 250 రూపాయలైతే 8 కిలోలు ఎంత? మొదటిది ప్రమాణం, మధ్యది ఫలం, చివరిది ఇచ్ఛ. ప్రమాణమూ ఇచ్ఛా ఒకే జాతివై ఉండాలి, ఫలం వేరే జాతిది. ఫలాన్ని ఇచ్ఛతో గుణించి ప్రమాణంతో భాగించాలి. 400 రూపాయలు. ఆ జాతి నియమం దగ్గర ఒక్క క్షణం ఆగండి. కిలో పక్కన కిలో ఉంటేనే లెక్క కుదురుతుందని, అవి రెండూ ఒకదాన్నొకటి మింగేసి రూపాయిని మిగులుస్తాయని పెద్దలు గమనించారు. యూనిట్‌కి మన పాఠ్యపుస్తకాలు పెట్టిన పేరు కూడా ప్రమాణమే. తెలిసి పెట్టారో తెలియక పెట్టారో, మాట మాత్రం చక్కగా కుదిరింది. అయితే త్రైరాశికంలో ఏది ఏ స్థానంలో కూర్చోవాలో గుర్తుపెట్టుకోవాలి. పంచరాశికం, సప్తరాశికం దాకా పోయేసరికి ఆ గుర్తు భారమవుతుంది. యూనిట్ ఫ్యాక్టర్ పద్ధతిలో స్థానం గుర్తుండనక్కరలేదు, ఏది ఎక్కడ కూర్చోవాలో ప్రమాణమే చెబుతుంది.

ఇక్కడ తెలుగుకి ఉన్న ఒక సౌకర్యం చెప్పుకోవాలి. గంటకి అరవై కిలోమీటర్లు, కిలోకి యాభై రూపాయలు, ఎకరాకి ముప్ఫై బస్తాలు. రేటు చెప్పే ఏ వాక్యంలోనైనా "కి" తగిలించుకున్న మాట హారంలోకి పోతుంది. ఇంగ్లీషులో కిలోమీటర్లు ముందు వస్తాయి, గంట వెనకాల వస్తుంది, కాగితం మీదా పైనుంచి కిందికి అలాగే చదువుకుంటారు. మనం కింద నుంచి పైకి చదువుతాం. అందుకేనేమో ఇంగ్లీషు మీడియం పుస్తకంలో "మోల్ పర్ లీటర్" చూసిన మన పిల్లలు తికమకపడతారు. "లీటరుకి ఎన్ని మోల్‌లు" అని పైకి అనమని చెబితే, లీటరు దానంతట అదే కిందికి దిగుతుంది. 98 శాతం అన్నదాన్ని కూడా "100 గ్రాముల ద్రావణానికి 98 గ్రాముల ఆమ్లం" అని పలికించాలి. శాతం గుర్తు చూడ్డానికి అంకె తోకలా ఉంటుంది గానీ, నిజానికి అదొక భిన్నం.

డిసెంబరు నాటికి ఆ అమ్మాయి అదే లెక్కను రికార్డు పుస్తకంలో చేసింది. ఆ పేజీని నేను చాలాసేపు చూశాను. ముందు కుడివైపు చివర, సమానం గుర్తు పక్కన, కావలసిన జవాబు ఆకారం రాసుకుంది. పైన మోల్, కింద లీటరు, ముందు ఒక ఖాళీ గీత. తర్వాత ఎడమవైపు నుంచి నాలుగు భిన్నాలకు నాలుగు అడ్డగీతలు గీసింది. వాటిలో అంకెలు లేవు, ప్రమాణాలే ఉన్నాయి. అవన్నీ ఒకదాన్నొకటి కొట్టుకుని చివరికి మోల్, లీటరు మాత్రమే మిగులుతున్నాయని పెన్సిలుతో ఏటవాలు గీతలు పెట్టి చూసుకుంది. ఆ తర్వాతే పెన్ను తీసి అంకెలు నింపింది. ఇంటికి ముందు నిట్టాళ్ళు నిలబెట్టి, గోడలు తర్వాత కట్టినట్టు.

(1.84 గ్రా. ద్రావణం / 1 మి.లీ.) × (1000 మి.లీ. / 1 లీ.) × (98 గ్రా. ఆమ్లం / 100 గ్రా. ద్రావణం) × (1 మోల్ / 98.08 గ్రా. ఆమ్లం) = 18.4 మోల్ / లీ.

మొదటి భిన్నంలో కిందనున్న మిల్లీలీటరును రెండో భిన్నం పైనున్న మిల్లీలీటరు తీసేసి, దాని స్థానంలో లీటరును కూర్చోబెట్టింది. మొదటి భిన్నం పైనున్న ద్రావణాన్ని మూడోది తీసేసి ఆమ్లాన్ని ఇచ్చింది. ఆ ఆమ్లాన్ని నాలుగోది తీసుకుని మోల్ ఇచ్చింది. ప్రతి భిన్నమూ ముందువాడి చేతిలోది అందుకుని వేరేది అందిస్తోంది. రెండు 98లలో ఒకటి పైకి, ఒకటి కిందికి చేరాయి, వాటికి చోటు ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ ఒక పేచీ ఉంది. అంగుళం, సెంటీమీటరు భిన్నం ఒకటి అన్నాం, రెండూ పొడవులే కనుక. 1.84 గ్రాముల మీద 1 మిల్లీలీటరు ఎలా ఒకటవుతుంది? ఒకటి బరువు, ఒకటి చోటు. కచ్చితంగా చూస్తే కాదు. కానీ ఈ సీసాలోని ద్రవం వరకు 1.84 గ్రాములు అన్నా, ఒక మిల్లీలీటరు అన్నా చూపించేది అదే చుక్కను. అది ఈ సీసా పొలిమేర దాటితే చెల్లని ఒకటి. నీళ్ళ దగ్గరికి వెళితే అంకె మారుతుంది, అదే ఆమ్లాన్ని వేడిచేసినా మారుతుంది. ఏ ఒకటి విశ్వమంతా చెల్లుతుంది, ఏది ఈ సీసాకే చెల్లుతుంది అన్న ఎరుక వచ్చిన పిల్లలకు రసాయనశాస్త్రం పట్టుబడుతున్నట్టే లెక్క.

ఆ పేజీలో నాకు అన్నిటికన్నా నచ్చింది గ్రాము పక్కన రాసిన చిన్న మాటలు. గ్రాముల ద్రావణం. గ్రాముల ఆమ్లం. ఆ మాటలు చెరిపేసి చూడండి. మూడో భిన్నం గ్రాము మీద గ్రాము అవుతుంది. అప్పుడు దాన్ని తలకిందులుగా పెట్టినా గ్రాములు కొట్టుకుపోతాయి, చివర మోల్, లీటరే మిగులుతాయి. పద్ధతి "అంతా సరే" అంటుంది. జవాబు మాత్రం 19.1 వస్తుంది. 18.4కి 19.1 ఎంత దూరం? కళ్ళకు అనుమానం రాదు. వెయ్యి రెట్లు తప్పితే పసిగడతాం, ఈ నాలుగు శాతం తేడా బ్యూరెట్టు దగ్గరికి వెళ్ళేదాకా దాక్కుని ఉంటుంది. "ద్రావణం", "ఆమ్లం" అని తోకలు ఉంచితే మాత్రం తలకిందులైన భిన్నం పక్కన ద్రావణం మీద ద్రావణం గుణించుకుని వర్గమై కూర్చుంటుంది. లీటరుకి ద్రావణపు వర్గం అన్నదానికి అర్థం లేదు. తప్పు చేసిన కాగితమే తప్పు చూపిస్తోంది. ఈ పద్ధతిని నేను మెచ్చుకునేది ఇందుకే. బద్ధకించి గ్రా. అని వదిలేసేవాళ్ళకు ఇది సగమే పనిచేస్తుంది.

ఇదే లెక్కను కోచింగ్‌లో ఒక్క సూత్రంగా చెబుతారు. పది డి ఎక్స్ బై ఎం. సాంద్రతనీ శాతాన్నీ పదితో గుణించి అణుభారంతో భాగించడం. 160 ప్రశ్నలను 180 నిమిషాల్లో చేయాల్సిన ఈఏపీసెట్ (పాత ఎంసెట్) లాంటి పరీక్షలో అది అవసరమే, నేను కాదనను. నా బాధ ఆ పది గురించి. ఎక్కడిదా పది? అడిగితే చాలామంది "సూత్రంలో ఉంది సార్" అంటారు. పైన రాసిన గొలుసులో చూడండి. రెండో భిన్నం పైన 1000 ఉంది, మూడో భిన్నం కింద 100 ఉంది. లీటరుకి మిల్లీలీటర్లు ఒకటి, శాతంలో దాగిన వంద ఒకటి. ఆ రెండూ కలిస్తే పది. గొలుసు తోకలన్నీ గొరిగేస్తే మిగిలిన ఎముక ఆ సూత్రం. గొలుసు రాసినవాళ్ళు సూత్రాన్ని పరీక్ష హాల్లో మర్చిపోయినా అరనిమిషంలో మళ్ళీ కట్టుకోగలరు. సూత్రమొక్కటే ఉన్నవాళ్ళు మర్చిపోతే చేయగలిగిందేమీ లేదు. వేలితో ఒక మూలను మూసి చూసే మోల్ త్రికోణం సంగతి ఎత్తను, ఎత్తితే నాకు కోపం వస్తుంది.

కొత్తగా నేర్చుకునేవాళ్ళు తప్పకుండా పడే గొయ్యి ఘనపరిమాణం దగ్గర ఉంది. మీటరుకి 100 సెంటీమీటర్లు కనుక ఘనపు మీటరుకి 100 ఘనపు సెంటీమీటర్లు అనేస్తారు. ఆ మాటకొస్తే పెద్దవాళ్ళూ పడతారు. స్థలాల బేరంలో గజానికి మూడడుగులు కదా అని చదరపు గజానికి మూడు చదరపు అడుగులు వేసుకున్నవాణ్ణి చూశాను. తొమ్మిది వేసుకోవాలి. మన భూమి కొలతలు ఈ విషయంలో మంచి పాఠం. ఎకరం 4840 చదరపు గజాలు. ఆంధ్రలో దాన్ని వంద సెంట్లు చేస్తారు, సెంటుకి 48.4 గజాలు. తెలంగాణలో నలభై గుంటలు చేస్తారు, గుంటకి 121 గజాలు. 121 అంటే పదకొండు పదకొండ్లు. పక్కకి పదకొండు గజాలు, అంటే 33 అడుగులు ఉన్న చదరమే గుంట. ఈ సంగతి తెలిసిన పిల్లవాడికి ఘనపు మీటరు గొయ్యి దాటించడం తేలిక. భిన్నం మొత్తాన్ని కుండలీకరణంలో పెట్టి మూడుసార్లు గుణించమంటే చాలు. 100 మూడుసార్లు, సెం.మీ. కూడా మూడుసార్లు. పది లక్షలు. పుస్తకంలోని రెండు లీటర్ల పాలు 2000 ఘనపు సెంటీమీటర్లు, అంటే 0.002 ఘనపు మీటర్లు. ఘనం గుర్తును అంకెకి వేసి ప్రమాణానికి వేయకపోవడం, ప్రమాణానికి వేసి అంకెకి వేయకపోవడం, ఈ రెండు జబ్బులకూ కుండలీకరణమే మందు.

గొలుసులో లంకెలన్నీ ఒకే గట్టివి కావు. అంగుళానికి 2.54 సెంటీమీటర్లన్నది 1959 నుంచి ఒప్పందం ప్రకారం కచ్చితమైన విలువ. దాని వెనక ఎన్ని సున్నాలైనా పెట్టుకోవచ్చు. లీటరుకి 1000 మిల్లీలీటర్లూ అంతే. సాంద్రత 1.84 మాత్రం ఎవరో కొలిచి చెప్పినది, దాని నమ్మకం మూడు అంకెల వరకే. అందుకే జవాబు 18.4 దగ్గర ఆగింది. కాలిక్యులేటర్ చూపించిన 18.38499... అంతా రాసేవాళ్ళు కొలవని కచ్చితత్వాన్ని అరువు తెచ్చుకుంటున్నారు. లీటరు చరిత్రలోనూ ఇలాంటి తమాషా ఒకటి ఉంది. 1901 నుంచి 1964 దాకా లీటరు అంటే అత్యధిక సాంద్రత దగ్గర ఒక కిలో నీళ్ళు పట్టే చోటు. కిలో ప్రతిరూపం అనుకున్నదానికన్నా రవ్వంత బరువెక్కువ ఉండటంతో ఆ లీటరు 1.000028 ఘనపు డెసీమీటర్లు తేలింది. పాత పుస్తకాల్లో మిల్లీలీటరూ, సీసీ వేర్వేరుగా కనిపిస్తే చాదస్తం అనుకోకండి, అప్పటికి అవి నిజంగానే వేరు. 1964లో రెండూ ఒకటయ్యాయి.

మోల్ కూడా అలా కొలత నుంచి ఒప్పందంలోకి మారినదే. మేం చదువుకున్నప్పుడు 12 గ్రాముల కార్బన్-12లో ఉన్నన్ని కణాలు ఒక మోల్. 2019 మే 20 నుంచి నిర్వచనం తిరగబడింది. 6.02214076 × 10²³ కణాలు ఒక మోల్, అంతే, కచ్చితంగా. కొత్తగా చేరిన పిల్లలను భయపెట్టేది ఈ అంకె సైజు. భయం తీర్చడానికి నేను ఒక నీటిచుక్క తీసుకుంటాను. మిల్లీలీటరుకి ఇరవై చుక్కలనుకుంటే చుక్కకి 0.05 మిల్లీలీటర్లు. మిల్లీలీటరుకి ఒక గ్రాము. 18.02 గ్రాములకి ఒక మోల్. మోల్‌కి 6.022 × 10²³ అణువులు. మూడు వేషాలు మార్చేసరికి చుక్కలో 1.67 × 10²¹ అణువులు తేలతాయి. చేత్తో పట్టుకోలేని అంకె దగ్గరికి చేత్తో పట్టుకోగల మూడు మెట్ల మీదుగా వచ్చాం. అంకె పెద్దదైనా మెట్టు ఎత్తు మారలేదు. కిలోకి రూపాయలు వేసినంత సులువుగానే మోల్‌కి అణువులు వేశాం.

వాయు స్థిరాంకం దగ్గర ఇంకో ముచ్చట. పిల్లలు మూడు ఆర్‌లు బట్టీ పడతారు. 0.0821, 8.314, 1.987. ఏ లెక్కకి ఏ ఆర్ అన్నది పెద్ద గండం. మూడూ ఒకటే ఆర్, మూడు వేషాల్లో. మొదటిది లీటర్-అట్మాస్ఫియర్లలో, రెండోది జౌళ్ళలో, మూడోది కేలరీల్లో. ఒక లీటర్-అట్మాస్ఫియర్ అంటే 101.325 జౌళ్ళు. 0.082057ని దాంతో గుణించండి, 8.314 నడిచి వస్తుంది. దాన్ని కేలరీకి 4.184 జౌళ్ళ లెక్కన భాగించండి, 1.987 వస్తుంది. పీడనాన్ని ఘనపరిమాణంతో గుణిస్తే శక్తి ఎలా అయిందని ఎవరైనా అప్పుడు అడిగితే, ఆ రోజు క్లాసు బాగా జరిగినట్టు.

తోకలు వదిలేస్తే ఏమవుతుందో చెప్పడానికి చాలామంది మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే వ్యోమనౌక కథ చెబుతారు. నాకు కెనడా విమానం కథే ఇష్టం, ఎందుకంటే అందులో ఉన్నది అచ్చంగా మొదటి సంవత్సరం లెక్క. 1983 జులై 23. ఎయిర్ కెనడా 143, కొత్త బోయింగ్ 767, మాంట్రియల్ నుంచి ఒట్టావా మీదుగా ఎడ్మంటన్. ఇంధనం మీటర్లు పనిచేయడం లేదు, కొలత పుల్లతో కొలిచారు. ట్యాంకుల్లో 7,682 లీటర్లున్నాయి. ప్రయాణానికి కావలసింది 22,300 కిలోలు. లీటర్లను బరువులోకి మార్చడానికి 1.77తో గుణించారు. 13,597 వచ్చింది, కిలోలనుకున్నారు. మిగతాది లెక్కవేసి సుమారు 4,900 లీటర్లు మాత్రం నింపారు. ఆ 1.77 లీటరుకి పౌండ్ల లెక్క. పాత విమానాలన్నీ పౌండ్లలో నడిచేవి, కెనడా అప్పుడే మెట్రిక్‌లోకి మారుతోంది, ఈ విమానం కిలోలది. గొలుసులో ఒక్క లంకె తక్కువైంది. పౌండుకి 0.4536 కిలోలు. అది వేసుంటే లీటరుకి 0.803 కిలోలని తేలేది, నింపవలసింది సుమారు 20,000 లీటర్లని తెలిసేది. సగం కూడా లేని ఇంధనంతో లేచిన విమానం 41,000 అడుగుల ఎత్తులో ఇంధనం అయిపోయి, ఇంజిన్లు ఒకదాని తర్వాత ఒకటి ఆగి గాలిలో జారుతూ వచ్చి, గిమ్లీ అనే ఊళ్ళో మూతపడ్డ వైమానిక స్థావరం రన్‌వే మీద దిగింది. 69 మందీ బతికారు. దింపిన కెప్టెన్ బాబ్ పియర్సన్ నైపుణ్యం వేరే వ్యాసానికి సరిపోయే సంగతి. నేను క్లాసులో ఆ కథ చెప్పేటప్పుడు బోర్డు మీద 1.77 అని రాసి, పక్కన ఏమీ రాయకుండా చాక్‌పీసు కింద పెట్టేస్తాను.

ఈ పద్ధతి చేయలేని పనీ ఒకటుంది. ఉష్ణోగ్రత. సెల్సియస్‌ని కెల్విన్ చేయడానికి 273.15 కలపాలి, ఏ ఒకటితో గుణించినా ఆ పని జరగదు. ఎందుకంటే రెండు కొలబద్దల సున్నాలు వేర్వేరు చోట్ల ఉన్నాయి. గుణకారానికి సున్నా దగ్గర ఒప్పందం ఉండాలి. తేడాల విషయంలో మాత్రం పేచీ లేదు, పది డిగ్రీలు వేడెక్కింది అంటే సెల్సియస్‌లోనూ పదే, కెల్విన్‌లోనూ పదే.

మళ్ళీ ల్యాబ్‌కి. ఆ అమ్మాయికి ఇచ్చిన పని 250 మిల్లీలీటర్ల ఒక మొలార్ ఆమ్లం తయారుచేయడం. 18.4 దొరికింది కనుక మిగిలింది చిన్న లెక్క. 0.250 లీటర్లు, లీటరుకి ఒక మోల్, అంటే 0.250 మోల్‌లు. ఇప్పుడు 18.4ను తలకిందులుగా పట్టుకోవాలి, 18.4 మోల్‌లకి ఒక లీటరు. ఇందాక జవాబుగా వచ్చినది ఇప్పుడు పనిముట్టయింది. లీటరుకి 1000 మిల్లీలీటర్లు. ఆమె గీతలు గీసి, మోల్‌ని మోల్‌తో, లీటరుని లీటరుతో కొట్టి, కుడి చివర మి.లీ. ఒక్కటే మిగిలిందని చూసుకున్నాక అంకెలు వేసింది. 13.6 మి.లీ. గుణించాలా భాగించాలా అని ఈసారి అడగలేదు, నేనూ గుర్తుచేయలేదు. కళ్ళద్దాలు పెట్టుకుని, ఫ్లాస్కులో ముందు రెండు వందల మిల్లీలీటర్ల దాకా నీళ్ళు పోసి, కొలజాడీలో కొలిచిన ఆమ్లాన్ని గోడ వెంబడి కొంచెం కొంచెంగా జార్చింది. ఫ్లాస్కు వేడెక్కింది. గుర్తు దాకా నీళ్ళు నింపడానికి అది చల్లారేవరకు ఆగాలని చెప్పాను. ఎంతసేపు సార్ అంది. చెయ్యి పెట్టి చూడు అన్నాను.